పప్పీ మూలన దాక్కుంటోందా? అది ఏ గదిలో పెరిగిందో అడగండి

వారానికి ఒక్క ఫోనైనా వస్తుంది. "పప్పీని తెచ్చి నాలుగు రోజులైందండీ, సోఫా కింద నుంచి బయటికి రావట్లేదు" అని ఒకరు, "చేతులన్నీ కొరికేస్తోంది, పిల్లలు ఏడుస్తున్నారు" అని ఇంకొకరు. పన్నెండేళ్లుగా ఇంట్లో లాబ్రడార్లను పెంచుతున్నాను కాబట్టి ఎక్కడో కొన్నవాళ్లు కూడా నన్నే అడుగుతారు. అందరినీ నేను మొదట అడిగేది ఒకటే: "తల్లిని చూశారా?" చూసి ఉండరు. ఫొటో చూశారు, పేపర్లు చూశారు. పేపర్లలో వంశం ఉంటుంది, గుణం ఉండదు. పిరికితనం రక్తంలోనూ వస్తుంది. కొత్త మనిషిని చూసి దాక్కునే తల్లి పిల్లని కొనొద్దు, అంతే.

టీకాలు, డీవార్మింగ్ సక్రమంగా జరుగుతున్నాయనే అనుకుని రాస్తున్నా. కడుపులో పురుగులు పెట్టుకుని దాని గుణం గురించి మాట్లాడుకోవడం దండగ.

గట్టిగా కొరుకుతోంది

ముందు నోరు తెరిచి పళ్లు చూడండి. 8 వారాల పిల్లకి 28 పాల పళ్లూ వచ్చేసి ఉండాలి. వెనక దవడ పళ్లు ఇంకా చిగుళ్లలోంచి పొడుచుకొస్తుంటే, అమ్మినవాడు "రెండు నెలలండీ" అని ఒట్టేసినా నమ్మకండి. 2017 నాటి కుక్కల పెంపకం నిబంధనల ప్రకారం 8 వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. తిండి ఖర్చు కలిసొస్తుందని నెలకే అమ్మేసేవాళ్లు ఉన్నారు.

ఎంత గట్టిగా కొరికితే నొప్పి పుడుతుందో పిల్లకి నేర్పేది తోబుట్టువులే. ఒకటి చెవి పట్టి లాగుతుంది, రెండోది కీచుమని ఆట మానేస్తుంది. పళ్లు గుచ్చుకుంటే తల్లి కూడా లేచి వెళ్లిపోతుంది. ఆ పాఠం తప్పిపోయిన పిల్లకి ఆ పని మీరే చేయాలి. పళ్లు తగలగానే ఆట ఆపి, లేచి, అర నిమిషం గది బయటికి వెళ్లండి. మూతి మీద కొట్టొద్దు. సాయంత్రం అయ్యేసరికి పిచ్చెక్కినట్టు కొరికితే మాత్రం అది నిద్ర చాలక. ఆ వయసులో రోజుకి 18 గంటలు పడుకోవాలి, మీ ఇంట్లో దాన్ని పడుకోనివ్వట్లేదు.

దాక్కుంటోంది, చప్పుడికి వణుకుతోంది

ఇక్కడ నేను రెండు ఈతలు, అంటే రెండు కాన్పుల పిల్లల విషయంలో దెబ్బతిన్నాను. కాస్త ఓపిగ్గా చదవండి.

మొదటిసారి మా కుక్క పిల్లలు పెట్టినప్పుడు వేరే చోటు లేక హాల్లో మెట్ల కింద పెట్టె పెట్టాం. ఒకపక్క టీవీ, ఇంకోపక్క కుక్కర్ కూత, వచ్చేపోయే చుట్టాలు. ఆరు పిల్లలూ ఎవరింటికి వెళ్లినా బంగారంలా పెరిగాయి. అదంతా నా గొప్పే అనుకున్నా. ఈలోపు మా వీధిలో పార్వో, అంటే పప్పీల ప్రాణం తీసే అంటువ్యాధి, వచ్చి రెండిళ్లలో పప్పీలు పోయాయి. ఆ భయంతో రెండో ఈతకి మేడ మీద గది సిద్ధం చేశా. టైల్స్, ఫ్యాను, కిటికీకి కర్టెన్. నేను తప్ప ఎవరూ అడుగు పెట్టకూడదు. ఏడు పిల్లలు బొద్దుగా, శుభ్రంగా పెరిగాయి. చూడ్డానికి వచ్చినవాళ్లు ఒకదాన్ని తెచ్చి హాల్లో దించితే కదలకుండా కూర్చునేది. "ఎంత శాంతమో" అని వాళ్లు మురిశారు, నేనూ మురిశాను. అది శాంతం కాదు, బిగుసుకుపోవడం. వారం తిరక్కుండా ఫోన్లు మొదలయ్యాయి. మిక్సీ వేస్తే ఉన్నచోటే ఉచ్చ పోసుకుంటోంది, హెల్మెట్ పెట్టుకున్న మనిషిని చూస్తే మంచం కిందికి దూరుతోంది.

తల్లి ఎవరొచ్చినా తోకాడిస్తూ ఎదురెళ్లే రకం. అందుకని తప్పంతా మగకుక్క మీదికి తోశా. మూడో ఈతకి వేరే మగకుక్కని చూశా. అదే గది, మళ్లీ అవే ఫోన్లు. కానీ ఆ ఈతలో ఒక బక్కది ఉండేది. మిగతావి దాన్ని పాలకి రానిచ్చేవి కావు. మూడో వారం నుంచి పగలంతా వంటింట్లో అట్టపెట్టెలో పెట్టుకుని సీసాతో పాలు పట్టా, రాత్రికి తల్లి దగ్గర వదిలేదాన్ని. ఒకరోజు మేడ మీద అన్నిటి ముందూ నా చేతిలోంచి గిన్నె మూత జారిపడింది. ఐదు పిల్లలు గోడకి అతుక్కుపోయాయి. బక్కది ఉలిక్కిపడి, రెండడుగులు వెనక్కి వేసి, మళ్లీ వచ్చి మూతని వాసన చూసి నాకింది. అదే తల్లి, అదే తండ్రి. తేడా వంటిల్లు.

మూడో వారం నుంచి పన్నెండు, పధ్నాలుగు వారాల దాకా చూసినవీ విన్నవీ పిల్లకి "ఇవి మామూలే" అన్న లెక్కలో పడతాయి. తర్వాత ఎదురైనవి చాలావరకు అనుమానమే. 1961లో అమెరికాలో ఫ్రీడ్‌మన్, కింగ్, ఎలియట్ అనే పరిశోధకులు కొన్ని పిల్లల్ని కంచె వేసిన ఆవరణలో మనుషులకి దూరంగా పెంచి చూశారు. 14 వారాల దాకా మనిషి ఆనవాలు లేనివి ఆ తర్వాత మనిషిని దగ్గరికి రానివ్వలేదు. మేడ మీద నేను చేసిందీ కొంచెం అటూ ఇటూ అదే.

ఇప్పుడు మూడు వారాలు నిండగానే పెట్టె హాల్లోకి వచ్చేస్తుంది. గోనెసంచి, చాప, నున్నటి టైలు, ఇసుక రోజుకొకటి కాళ్ల కింద పడాలి. తిండి పెట్టేటప్పుడు దూరంగా మిక్సీ తిరగాలి. ఒక్కో పిల్లని కాసేపు విడిగా తిప్పుతాను. చెప్పులు గేటు దగ్గర వదిలి, చేతులు సబ్బుతో కడుక్కున్నవాళ్లు ఎవరైనా ఎత్తుకోవచ్చు. పప్పీలున్న ఇంటి నుంచి వచ్చినవాళ్లని మాత్రం రానివ్వను.

పిల్ల ఇప్పటికే మీ ఇంటికి వచ్చేసిందా? సోఫా కింద నుంచి లాగొద్దు. అందరూ నేల మీద కూర్చుని మీ పని మీరు చూసుకోండి. మిక్సీని రెండు గదుల అవతల ఒక్క సెకను తిప్పించి, ఆగగానే ఉడికించిన చికెన్ ముక్క వేయండి. ముందు చప్పుడు, తర్వాత ముక్క. వరుస తిరగేస్తే ముక్కని చూసినా భయపడటం నేర్చుకుంటుంది. ముక్క తినకపోతే చప్పుడు ఎక్కువైందని అర్థం, ఇంకా దూరం జరపండి. టీకాలు పూర్తయ్యేదాకా నాలుగు గోడల మధ్య పెట్టొద్దు. నేల మీద దించకుండా చంకన వేసుకుని సందు చివరి దాకా వెళ్లి ఆటోలు, కూరగాయల బండి, బడి పిల్లల్ని చూపించి తీసుకురండి. దీపావళికి ముందు వారం మాత్రం కొత్త పిల్లని తెచ్చుకోవద్దు.

14 వారాలు దాటితే ఇదే పనికి నెలలు పడుతుంది, పూర్తిగా పోతుందని మాటివ్వలేను. రెండో ఈతలో, తీసుకెళ్లినవాళ్లు తిరిగిచ్చేసిన పిల్ల మా దగ్గరే ఉంది. తొమ్మిదేళ్లు దానికి. గ్యాస్ బండ దించిన చప్పుడికి ఇప్పటికీ వచ్చి నా కాళ్ల మధ్య దూరుతుంది.

మిగతావి

గిన్నె దగ్గర గుర్రుమంటే, ఎక్కువసార్లు అన్నిటికీ ఒకే పళ్లెంలో పెట్టిన ఈతే అయి ఉంటుంది. గిన్నె లాక్కోకండి, పక్కనుంచి వెళ్తూ అందులో ఇంకో మంచి ముక్క వేయండి. వెనక నుంచి చప్పట్లు కొడితే తల కూడా తిప్పకపోతే పుట్టు చెవుడు కావచ్చు, అరుదు. ఎత్తుకున్న ప్రతిసారీ కెవ్వుమంటే అది గుణం కాదు, నొప్పి. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, నాకు ఫోన్ చేయకండి.