వాడేసిన గ్లౌజులు కడిగి మళ్లీ వేసుకోవచ్చా?

వద్దు. ఇంట్లో మంచాన పడ్డ పెద్దవాళ్లకి డైపర్ మార్చేటప్పుడో, పుండుకి కట్టు కట్టేటప్పుడో వేసుకునే పల్చటి గ్లౌజులు ఒక్కసారికే. కడిగితే పైకి శుభ్రంగానే కనిపిస్తాయి కానీ, సబ్బు, శానిటైజర్ తగిలేకొద్దీ రబ్బరు బలహీనపడి కంటికి ఆనని చిల్లులు పడతాయి, ఇక వేసుకున్నా వేసుకోకపోయినా ఒకటే. 2020లో కరోనా కొరతప్పుడు అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చేతికున్న గ్లౌజుల మీదే శానిటైజర్ రాసుకోవచ్చంది, అదీ ఆరుసార్లకి మించకుండా; అది గతిలేక చేసిన ఏర్పాటు.

తీసేటప్పుడే అసలు జాగ్రత్త కావాలి. ఒకదాన్ని మణికట్టు దగ్గర బయటివైపు పట్టుకుని తిరగేస్తూ లాగి, రెండో చేతి గుప్పిట్లో పెట్టుకోండి. ఆ ఖాళీ చేతి వేలు రెండోదాని లోపలికి దూర్చి, మొదటిదాని మీదుగా తిరగేసి లాగేయండి. కవర్లో చుట్టి పడేసి, సబ్బుతో కనీసం 20 సెకన్లు చేతులు కడుక్కోండి. బాత్రూమ్ కడగడానికైతే మందపాటి రబ్బరువి కొనుక్కోండి, అవి కడిగి ఆరేసి, చిరిగేదాకా వాడొచ్చు.