గామా రే బరస్ట్ ఆఫ్టర్‌గ్లో డేటాని ఇంట్లోనే చూడటం ఎలా

బెజవాడలో బీఎస్సీ ఫిజిక్స్ పిల్లలు చాలామంది గామా రే బరస్ట్ (దూరపు అంతరిక్షంలో ఒక్కసారిగా మెరిసే గామా కిరణాల పేలుడు) తర్వాత మిగిలే వెలుగు, అంటే ఆఫ్టర్‌గ్లో, దాని డేటా చూడటం పెద్ద ల్యాబుల పని అనుకుంటారు, కాదండి, గామా కిరణాలని చూసే ఫెర్మి శాటిలైట్ డేటా నాసా వాళ్ళు ఫ్రీగానే ఇస్తున్నారు, లాప్‌టాప్ ఉంటే చాలు. మొదటిసారికి జీఆర్‌బీ (గామా రే బరస్ట్) 130427ఏ పట్టుకోండి, 2013 ఏప్రిల్ 27న మన టైం మధ్యాహ్నం 1:17కి వచ్చింది, భలే బ్రైట్. ఫెర్మి మీదున్న ల్యాట్ పరికరం డేటా పేజీలో, ఆకాశంలో బరస్ట్ చోటు కోసం ఆర్ఏ 173.1, డెక్లినేషన్ 27.7, రేడియస్ 10 డిగ్రీలు, ఎనర్జీ 100 ఎంఈవీ నుంచి, టైం ఒక రోజు పెట్టి దించుకోండి. భూమి వాతావరణం నుంచి కూడా గామా కిరణాలు వస్తాయి కాబట్టి జెనిత్ యాంగిల్ (శాటిలైట్ నెత్తి మీద నుంచి కొలిచే కోణం) 100 డిగ్రీలు దాటినవి తీసేయాల్సిందే.

ఇక అసలు మజా ఇక్కడే. ఏలూరు రోడ్డు బుక్ షాపుల్లో లాగ్ గ్రాఫ్ పేపర్ అడిగి తెచ్చుకుని, బరస్ట్ చోటుకి దగ్గర్లో 1 జీఈవీ (1000 ఎంఈవీ) దాటిన ఫోటాన్లు ఒక్కొక్కటీ చేత్తోనే పెట్టండి, అడ్డంగా టైం, నిలువుగా ఎనర్జీ. మొదటి కొన్ని నిమిషాల్లోనే 95 జీఈవీది ఒకటి దొరుకుతుంది, కానీ మీరు చూడాల్సింది దాదాపు తొమ్మిదిన్నర గంటల తర్వాత వచ్చిన 32 జీఈవీ చుక్కని. పేలుడు పదార్థం చుట్టూ ఉన్న వాయువుని గుద్దితే పుట్టే షాక్‌లో, ఎలక్ట్రాన్లు అయస్కాంత క్షేత్రంలో తిరుగుతూ ఇచ్చే సింక్రోట్రాన్ కాంతికి ఒక పై హద్దు ఉంటుంది, షాక్ స్లో అయ్యేకొద్దీ ఆ హద్దు కూడా దిగుతుంది, మామూలు లెక్క ప్రకారం అంత లేటుగా అంత ఎనర్జీ రాకూడదు! అదే ఎలక్ట్రాన్లు తక్కువ ఎనర్జీ ఫోటాన్లని గుద్ది పైకి లేపుతాయని, అంటే ఇన్వర్స్ కాంప్టన్ అని, ఒక జవాబు. 2019 జనవరి 14 బరస్ట్‌లో నేల మీదున్న మ్యాజిక్ గామా కిరణ టెలిస్కోపులు టీఈవీ (1000 జీఈవీ) దాకా కాంతిని పట్టాక ఆ జవాబుకి బలం బాగా పెరిగింది.