ఆన్‌లైన్ చదరంగంలో మీ బలమెక్కడ, లోపమెక్కడ? 20 ఆటలతో లెక్క తేల్చుకోవడం ఎలా

రేటింగ్ (ఆట బలాన్ని చూపే అంకె) నెలల తరబడి ఒకే చోట కొట్టుకుంటున్నవాళ్లను "మీ లోపం ఏంటి?" అని అడిగితే ఎక్కువగా వినిపించే జవాబు "ఓపెనింగ్స్ సరిగా రావండీ" అని. వాళ్ల ఆటలు తెరిచి చూస్తే ఓపెనింగ్ (ఆట మొదటి ఎత్తులు) దాటేసరికి స్థితి సమానంగానే ఉంటుంది. 24వ ఎత్తులో గుర్రాన్ని ఉత్తిపుణ్యానికి వదిలేసి ఉంటారు. మన ఆట గురించి మనం అనుకునేది ఒకటి, ఆటల్లో కనిపించేది ఇంకొకటి. ఆ రెండోదాన్ని బయటికి తీయడానికి మూడు వారాలు పడుతుంది, రోజుకు గంట చొప్పున.

కావలసినవి

చదరంగం ఆడే సైట్లు లిచెస్‌లోనో చెస్.కామ్‌లోనో ఖాతా, రూళ్ల నోటుబుక్కు, పెన్ను. లిచెస్‌లో ఇంజిన్ (ఎత్తులను లెక్కగట్టే ప్రోగ్రాం) విశ్లేషణ ఉచితం. చెస్.కామ్‌లో ఆడేవాళ్లు ఆట పీజీఎన్‌ను (ఎత్తులన్నీ వరసగా ఉన్న పాఠాన్ని) కాపీ చేసి లిచెస్‌లో పేస్ట్ చేసుకుంటే సరిపోతుంది. స్ప్రెడ్‌షీట్ వద్దు. అది తెరిచినవాళ్లు గడులకు రంగులు వేస్తూ కూర్చుంటారు, ఆట చూడరు.

ఏ ఆటలు తీసుకోవాలి

ఇప్పటికే ఆడేసినవి పనికిరావు. ఇవాళ్టి నుంచి ఆడబోయే 20 ఆటలు తీసుకోండి, రోజుకు ఒకటి. పాత ఆటలో ఎత్తులు మిగులుతాయి గానీ, ఆ ఎత్తు వేస్తున్నప్పుడు మీ బుర్రలో ఏముందో మిగలదు. మనకు కావలసింది అదే.

టైమ్ కంట్రోల్ 15+10, అంటే ఒక్కొక్కరికి 15 నిమిషాలు, ప్రతి ఎత్తుకూ అదనంగా 10 సెకన్లు. మరీ తీరిక లేకపోతే 10+5. ఇంక్రిమెంట్ (ఆ అదనపు సెకన్లు) లేని ఆట వద్దే వద్దు, ఎందుకంటే చివర్లో సమయం అయిపోయి, జెండా పడి ఓడిన ఆట మీ ఎండింగ్ (పావులు తగ్గిన చివరి దశ) గురించి ఏమీ చెప్పదు. బులెట్, బ్లిట్జ్ (మరీ తక్కువ సమయపు ఆటలు) అసలే వద్దు. అందులో ఆలోచనే లేనప్పుడు ఏం రాసుకుంటారు?

రేటెడ్ (రేటింగ్ లెక్కలోకి వచ్చే) ఆటలే ఆడండి. నలుపు వచ్చిందని ఆట రద్దు చేయకండి. గెలిచినవి, ఓడినవి, డ్రా అయినవి అన్నీ వరసగా లెక్కలోకి రావాలి. ఓడినవాటినే చూసేవాళ్లకు సగం లోపాలు కనిపించవు. గెలిచిన ఆటలో మీరు వదిలేసిన ఏనుగు అవతలివాళ్లకు కనపడకపోయినంత మాత్రాన అది తప్పు కాకుండా పోదు.

అసలు మెట్టు: ఇంజిన్ తెరవకముందే ఆట చదవడం

అందరూ పాడుచేసేది ఇక్కడే. ఆట ముగిసిందో లేదో విశ్లేషణ బటన్ నొక్కుతారు. తెర మీద ఎర్ర గుర్తులు, పసుపు గుర్తులు వస్తాయి. "అరె, అది వేయాల్సింది" అనుకుని రెండు నిమిషాల్లో మూసేసి కొత్త ఆట మొదలుపెడతారు. ఇలా వెయ్యి ఆటలు చూసినా ఏమీ అంటదు. సరైన ఎత్తు ఒకసారి చూశాక, మొదట మనకు ఏం తోచిందో నిజాయితీగా గుర్తు తెచ్చుకోవడం అసాధ్యం. "నేనూ అదే అనుకున్నాను" అని బుర్ర అబద్ధం చెబుతుంది, మనం నమ్మేస్తాం.

అందుకని ఇంజిన్ స్విచ్ ఆపి, గ్రాఫ్ కనిపించకుండా చేసి, ఆటను మొదటి ఎత్తు నుంచి నడపండి. ఇది ఆడిన రోజునే జరగాలి. తెల్లారితే ఆలోచనలు ఆవిరైపోతాయి. ఆట మలుపు తిరిగిందని అనిపించిన మూడు చోట్ల ఆగండి. ఒక్కోదానికి నోటుబుక్కులో నాలుగు విషయాలు రాయాలి: ఎత్తు నంబరు, అప్పటికి గడియారంలో మిగిలిన సమయం, ఆ ఎత్తు ఎందుకు వేశారు, ప్రత్యర్థి ఏం వేస్తారనుకున్నారు. నాలుగోదే ప్రాణం. అక్కడ రాయడానికేమీ లేకపోతే "ఏమీ అనుకోలేదు" అని రాయండి. సిగ్గుపడి ఏదో ఒకటి కల్పించి రాస్తే మూడు వారాల శ్రమా గంగలో కలిసినట్టే.

ఇప్పుడు ఇంజిన్ ఆన్ చేయండి. మొదట ఒక చిన్న హెచ్చరిక: అంకె ముందు ప్లస్ ఉంటే తెల్లపావులకు మేలు, మీరు నలుపుతో ఆడినా సరే. 1.0 అంటే సుమారుగా ఒక బంటు విలువ. ఒక్క ఎత్తుతో 1.5కు మించి పడిపోయిన చోట్లనే పట్టించుకోండి. 0.3 నుంచి 0.0కు దిగిన ఎత్తు మీద బుర్ర బద్దలుకొట్టుకోవడం నేల విడిచి సాము చేయడమే. అలాగే +9 నుంచి +5కు దిగినా వదిలేయండి, ఆ ఆట ఎలాగూ గెలుపే.

తప్పు దొరికింది. ఇక్కడ ఇంకో గొయ్యి ఉంది. చాలామంది ఇంజిన్ సూచించిన మంచి ఎత్తు రాసుకుంటారు. రాయాల్సింది అది కాదు. బోర్డు మీద మీ ఎత్తే వేసి, దానికి ఇంజిన్ ఇచ్చే జవాబు చూడండి. మీ ఎత్తు ఎందుకు చెడ్డదో ఆ జవాబే చెబుతుంది.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. మీరు నలుపు. రెండు వైపులా రాజు ముందు బంట్లు ఈ4, ఈ5కి వచ్చాయి (గడి పేరులో అక్షరం నిలువు వరుస, అంకె అడ్డు వరుస). తెలుపు గుర్రం ఎఫ్3కి, మీ గుర్రం సీ6కి, తెలుపు బిషప్ సీ4కి, మీ రెండో గుర్రం ఎఫ్6కి. తెలుపు గుర్రం జీ5కి దూకింది. మీరు బంటును డీ5కి తోశారు, తెలుపు బంటు దాన్ని కొట్టింది. మీరు గుర్రంతో ఆ డీ5 బంటును తిరిగి కొట్టారు. ఇంజిన్ ఇది తప్పంటుంది, గుర్రాన్ని ఏ5కి వేసి బిషప్‌ను తరమమంటుంది. "ఏ5" అని రాసుకుని వెళ్లిపోతే ఈ ఒక్క స్థితే బట్టీ పడుతుంది. మీ ఎత్తు వేసి చూడండి: తెలుపు గుర్రం ఎఫ్7 బంటును కొట్టి, మంత్రినీ ఏనుగునూ ఒకేసారి బెదిరిస్తుంది. రాజుతో దాన్ని కొడితే తెలుపు మంత్రి ఎఫ్3కి వచ్చి చెక్. అదే దెబ్బతో బిషప్, మంత్రి రెండూ మీ డీ5 గుర్రం మీద పడతాయి. గుర్రాన్ని కాపాడుకోవాలంటే రాజు ఈ6కి, బోర్డు నడిబొడ్డుకి నడవాలి. జీ8కి పారిపోతే బిషప్ గుర్రాన్ని కొట్టి చెక్ ఇస్తుంది, ఆ తర్వాత మేట్ తప్పదు.

ఇప్పుడు నోటుబుక్కు వైపు తిరగండి. ఎత్తు ఒకటే, తప్పు ఒకటే. కారణాలు మాత్రం మూడు కావచ్చు. నాలుగో గడిలో "బిషప్ వెనక్కి వెళ్తుందనుకున్నా" అని ఉంటే, ఎఫ్7 మీద దాడి మీ కంటికే ఆనలేదు. "గుర్రం ఎఫ్7 కొడుతుంది, రాజుతో తీసేస్తా, ఒక పావు లాభం" అని ఉంటే, చూశారు గానీ లెక్క ఒక ఎత్తు ముందే ఆపేశారు. "ఏమీ అనుకోలేదు, బంటు పోయింది కదా, తీసుకున్నా" అని ఉండి గడియారం 15:31 చూపిస్తుంటే, మొదలుపెట్టినప్పటి కన్నా ఎక్కువ సమయం ఉందన్నమాట. అక్కడ ఆడింది మీ చెయ్యి, మీరు కాదు. ఈ మూడు రోగాలకూ మందులు వేరు. ఇంజిన్ మూడింటికీ ఒకే ఎర్ర గుర్తు వేస్తుంది. ఏది మీదో చెప్పగలిగింది మీ రాతే.

ప్రతి తప్పు పక్కనా ఒక కారణం గుర్తు వేయండి. అయిదు చాలు:

"చూ": ప్రత్యర్థి ఎత్తు కనిపించలేదు.
"లె": కనిపించింది, లెక్క మధ్యలో ఆగింది లేదా తప్పింది.
"చే": ఆలోచించకుండా చెయ్యి కదిలింది. మౌస్ జారినా, ప్రీమూవ్ (ప్రత్యర్థి ఆడకముందే వేసిపెట్టే ఎత్తు) బెడిసికొట్టినా ఇందులోకే.
"తె": తెలియని విషయం, అది ఎండింగ్ కావచ్చు, ఓపెనింగ్ కావచ్చు.
"దా": దారి తోచక ఊరికే ఒక ఎత్తు వేశారు.

"బ్లండర్" అని మాత్రం రాయకండి. అది జరిగినదాని పేరు, కారణం కాదు. "టైమ్ లేదు" అనే గుర్తు కూడా కావాలనే పెట్టలేదు. అది పెడితే అన్ని తప్పులూ అందులోకే దూరతాయి. 38వ ఎత్తులో 20 సెకన్లే మిగిలాయంటే, వెనక్కి వెళ్లి ఆ సమయం ఎక్కడ పోయిందో చూడండి. 12వ ఎత్తులో రెండు మామూలు ఎత్తుల మధ్య ఆరు నిమిషాలు ఊగిసలాడి ఉంటారు. తప్పు అక్కడిది, దాని గుర్తు "దా".

ఆక్యురసీ శాతం (సైటు లెక్కగట్టే కచ్చితత్వం) ఎక్కడా రాసుకోవద్దు. అవతలివాళ్లు పదో ఎత్తులో మంత్రిని అప్పగించేస్తే ఎవరి ఆటకైనా 90 దాటుతుంది. అది మీ బలం కొలవదు, ఆ ఆట ఎంత తేలికో కొలుస్తుంది.

లెక్క కట్టడం

20 ఆటలయ్యాక గుర్తులు లెక్కపెట్టండి. ఏది ఎక్కువుంటే అది మీ మొదటి లోపం, అంతే.

బలాలకు కూడా సాక్ష్యం కావాలి. "అటాకింగ్ బాగా ఆడతాను" అనేది ఇష్టం, బలం కాదు. 15వ ఎత్తు దగ్గర ఇంజిన్ అంకె 0.7కు అటూఇటూ లోపలే ఉన్న ఆటలెన్ని? చాలా ఉంటే మీ ఓపెనింగ్స్‌కు ఏ రోగమూ లేదు, ఓపెనింగ్ వీడియోలు చూడటం ఆపేయండి. మీకు అనుకూలంగా 3 దాటిన ఆటల్లో ఎన్ని గెలిచారు? అంతే వ్యతిరేకంగా పోయినవాటిలో ఎన్ని కాపాడారు? మొదటిది తక్కువ, రెండోది ఎక్కువ ఉన్నవాళ్లు ఉంటారు. వాళ్లు కష్టాల్లో మేలుకుని, సుఖంలో నిద్రపోయే రకం. ఓపెనింగ్ పేరుపేరునా గెలుపు శాతాలు మాత్రం తీయకండి. మూడు ఆటల్లో రెండు ఓడారని ఫ్రెంచ్ డిఫెన్స్‌ను తిట్టడం న్యాయం కాదు.

నాలుగు వారాల ప్రణాళిక

ఒక్క గుర్తుకే మందు వేయండి. అయిదింటినీ ఒకేసారి పట్టుకుంటే ఏది పనిచేసిందో తెలియదు. వారంలో అయిదు రోజులు, రోజుకు 45 నిమిషాలు: 30 మందుకి, 15 మీ నోటుబుక్కులోని తప్పు స్థితులను మళ్లీ ఆడటానికి. మిగతా రెండు రోజులు ఆటలు.

"చూ" ఎక్కువైతే, ప్రతి ఎత్తుకు ముందు ప్రత్యర్థికి ఉన్న చెక్‌లు, కొట్టగల పావులు, బెదిరింపులు అదే వరసలో చూడండి. మీవి కాదు, వాళ్లవి. లిచెస్ పజిల్స్‌లో హ్యాంగింగ్ పీస్ (కాపలా లేని పావు), డిఫెన్సివ్ మూవ్ (కాపాడుకునే ఎత్తు) థీమ్‌లు తీసుకోండి.

"లె" అయితే అరగంటలో అయిదు పజిల్స్ మాత్రమే. మొత్తం వరస కాగితం మీద రాసేదాకా మౌస్ ముట్టుకోకూడదు. వరస చివర "ఇంకా వాళ్లకేముంది?" అని ఒక్క ఎత్తు అదనంగా చూడాలి. గడియారంతో పరుగెత్తే పజిల్ పోటీలు ఈ రోగానికి విషం. పజిల్ రేటింగ్ ఆట రేటింగ్ కన్నా ఎంతో ఎక్కువుందని మురిసిపోకండి. పజిల్‌లో ఏదో ఉందని ముందే తెలుసు, ఆటలో ఎవరూ చెప్పరు.

"చే" అయితే ప్రీమూవ్ ఆపేయండి. ఎత్తు తేల్చుకునేదాకా చెయ్యి మౌస్ మీద ఉండకూడదు. వరసగా రెండు ఓడితే ఆ రోజుకు బోర్డు మూసేయాలి. 15+10లో పది నిమిషాలు మిగిలి ఉండగా ఓడిన ప్రతి ఆటా ఈ జాబితాలోదే.

"తె" అయితే ముందు ఎండింగ్స్. రాజు, బంటు, ఎదురుగా ఒంటరి రాజు: మీ రాజు బంటు ముందు ఆరో వరుసకు చేరితే ఎత్తు ఎవరిదైనా గెలుపే, అంచు బంటు కానంతవరకు. తర్వాత ఏనుగుల ఎండింగ్‌లో లుసేనా (బంటు ఉన్నవాళ్లు గెలిచేది), ఫిలిడోర్ (బంటు లేనివాళ్లు డ్రా చేసుకునేది) స్థితులు. ఫిలిడోర్‌లో కాపాడుకునేవాళ్లు ఏనుగును తమ వైపు మూడో వరుసలో అట్టిపెట్టి, బంటు ఆ వరుసకు రాగానే దాని వెనక వైపుకు దూరంగా వెళ్లి చెక్‌లు ఇవ్వాలి. ముందే అలా వెళ్తే అవతలి రాజు ముందుకొచ్చేస్తుంది. రెండు వైపులా కంప్యూటర్ మీద వరసగా అయిదుసార్లు ఆడగలిగితేనే వచ్చినట్టు. ఓపెనింగ్ విషయంలో ఆటకు ఒక్క లైనే: మీరు దారి తప్పిన ఎత్తు, దాని బదులు వేయాల్సినది. ఆట నడుస్తుండగా ఓపెనింగ్ డేటాబేస్ తెరవడం ఈ రెండు సైట్లలోనూ నిషిద్ధం, రోజుల తరబడి సాగే కరస్పాండెన్స్ ఆటల్లో తప్ప. ఇంజిన్ అయితే ఎందులోనూ కుదరదు.

"దా"కు మందు చిన్నది. ఏమీ తోచనప్పుడు మీ పావుల్లో ఏది పని లేకుండా కూర్చుందో వెతికి దాన్ని కదపండి. రెండు నిమిషాలకు మించి ఊగిసలాట వద్దు.

మళ్లీ కొలవడం

నాలుగు వారాల తర్వాత అదే టైమ్ కంట్రోల్‌లో మళ్లీ 20 ఆటలు, అదే నోటుబుక్కు. రేటింగ్‌తో పోల్చకండి. సైటు మీకు మీ స్థాయివాళ్లనే జత చేస్తుంది కాబట్టి, మీరు మెరుగైనా గెలుపోటములు సగంసగం దగ్గరే తిరుగుతాయి. లిచెస్ కొత్త ఖాతాకు 1500తో మొదలుపెడుతుంది, చెస్.కామ్ లెక్క వేరు. అందుకని అక్కడి అంకెకు ఇక్కడి అంకెతో పోలిక కూడా లేదు. చూడాల్సింది గుర్తుల సంఖ్య. 20 ఆటల్లో "చూ" 14 ఉన్నది 6కు దిగితే మందు పట్టింది, రెండో గుర్తుకు వెళ్లండి.

తగ్గకపోతే మందును అనుమానించే ముందు గుర్తులను అనుమానించండి. "చూ" అని రాసుకున్నవాటి పక్కన గడియారం అంకెలు చూడండి. ఆ ఎత్తులన్నీ మూడు నాలుగు సెకన్లలో పడి ఉంటే అవి "చూ" కావు, "చే". నాలుగు వారాలు పజిల్స్ చేసింది కళ్లకు, జబ్బు చేతిది.