డెల్టాలో కొండలెక్కించే రన్నింగ్ యాప్‌ను దారికి తెచ్చుకోవడం ఎలా?

ఏటిగట్టు, కాలవ వంతెన, గోదావరి బ్రిడ్జి అప్రోచ్ తప్ప డెల్టాలో ఎక్కడానికి ఏమీ లేదు. అయినా పాలకొల్లు చుట్టుపక్కల అయిదు కిలోమీటర్లు పరిగెత్తి, ఎనభై మీటర్లు ఎక్కానని స్టేటస్ పెట్టేవాళ్లకు కొదవలేదు. పేస్, అంటే కిలోమీటరుకు పట్టే నిమిషాల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒక నిమిషం నాలుగున్నర చూపిస్తే మరుసటి నిమిషం ఎనిమిది. యాప్ మార్చి లాభం లేదు. ఫోనూ అదే, పైన కొబ్బరాకులూ అవే.

ముందు సెట్టింగ్స్. యాప్‌కు లొకేషన్ అనుమతి ఇచ్చి ‘ఖచ్చితమైన లొకేషన్’ ఆన్ చేయండి. బ్యాటరీ సేవర్ తీసేయండి. లేకపోతే స్క్రీన్ ఆరగానే ఫోన్ యాప్‌ను ఆపేసి, తర్వాత మలుపులన్నీ మింగేసి పొలాలకు అడ్డంగా గీత గీస్తుంది.

రెండోది, కొబ్బరి తోటలో స్టార్ట్ నొక్కొద్దు, ఆకులు జీపీఎస్ సిగ్నల్‌కు అడ్డం. వరిచేల మధ్యకో గట్టు మీదకో నడిచి వెళ్లి, నిమిషం పాటు కదలకుండా నిలబడి, జీపీఎస్ దొరికిందని చూపించాకే నొక్కండి. ఫోన్ చేతికి కట్టుకోవాలి. ప్యాంటు జేబు పనికిరాదు, ఇందులో వాదన లేదు.

మూడోది, క్షణక్షణం మారే పేస్‌ను స్క్రీన్ మీంచి తీసేసి కిలోమీటరు ల్యాప్ పేస్ (ఆ కిలోమీటరు మొత్తానికి సగటు) పెట్టుకోండి. తోపు కింద జీపీఎస్ చుక్క నాలుగైదు మీటర్లు పక్కకు పడొచ్చు. సెకనుకు మూడు మీటర్లు పరిగెత్తే మనిషి లెక్క తారుమారవడానికి అది చాలు. కిలోమీటరు మీద చాలావరకు సర్దుకుంటుంది. సరిచూసుకోవాలంటే తిన్నగా పోయే కాలవ రోడ్డు మీద వరుసగా మూడు నాలుగు కిలోమీటరు రాళ్లు తీసుకోండి. ఒక్క జతను నమ్మితే కుదరదు, రోడ్డు వెడల్పు చేసినప్పుడు రాళ్లు జరుగుతాయి.

ఇక ఎత్తు. అందరూ చెడగొట్టేది ఇక్కడే.

యాప్‌కు ఎత్తు మూడు దారుల్లో వస్తుంది. మొదటిది ఉపగ్రహాలు. అవి భూమిని లెక్కప్రకారం నున్నటి గుండుగా తీసుకుని ఎత్తు కొలుస్తాయి. మన తీరంలో అసలు సముద్రమట్టం ఆ లెక్కకు 50 మీటర్లకు పైగా దిగువన ఉంటుంది. అందుకే దిద్దుబాటు చేయని యాప్ అమలాపురంలో నిలబెట్టి మైనస్ అంకె చూపిస్తుంది. ఫోన్ పాడైందని షాపుకు పరిగెత్తకండి.

రెండోది మ్యాప్. చాలా మ్యాప్‌లకు ఆధారం 2000 ఫిబ్రవరిలో అమెరికా స్పేస్ షటిల్ నుంచి రాడార్‌తో తీసిన కొలతలు. ఆ రాడార్‌కు చెట్ల కింద నేల సరిగా అందలేదు. కొబ్బరి తోట వస్తే నేల లేచినట్టు, చేను వస్తే దిగినట్టు రాసుకుంది. మీరెక్కిన కొండలు ఇవే. బ్రిడ్జి మీద దీనికి తిరగబడి, కింద గోదావరి నీటిమట్టమే మీ ఎత్తు అంటుంది.

మూడోది బేరోమీటర్, కొన్ని ఫోన్లలో, వాచీల్లో ఉండే, గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు చెప్పే సెన్సర్. ఉన్నవాటిలో నేను ఒప్పుకునేది ఇదొక్కటే. కానీ ఒత్తిడి ఒక్క హెక్టోపాస్కల్ (దాన్ని కొలిచే యూనిట్) మారితే ఎనిమిది మీటర్లకు పైగా తేడా వస్తుంది. మామూలు రోజున కూడా పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకా ఒత్తిడి రెండు మూడు హెక్టోపాస్కల్స్ దిగుతుంది. బంగాళాఖాతంలో వాయుగుండం ఉంటే ఇంకా ఎక్కువ. కాబట్టి నిన్నటి కాలిబ్రేషన్, అంటే మీరున్న చోటి అసలు ఎత్తు దానికి చెప్పి సరిచేయడం, ఇవాళ చెల్లదు. పరుగుకు ముందు, ఆరుబయట, ప్రతిసారీ చేయాలి. ఏ అంకె ఇవ్వాలి? నరసాపురమో భీమవరమో, దగ్గర్లోని రైల్వే స్టేషన్‌లో ప్లాట్‌ఫారం చివరి పసుపు బోర్డు కింద సముద్రమట్టం నుంచి ఎత్తు రాసి ఉంటుంది. ఒకసారి చూసి రాసుకోండి. మీ వీధికి ఒకటి రెండు మీటర్ల తేడా ఉన్నా పర్లేదు.

వాచీ సెన్సర్ రంధ్రంలో చెమట ఉప్పు పేరుకుంటే అంకె కదలదు, లేదా పిచ్చిగా గెంతుతుంది. మంచినీళ్లతో కడిగి ఆరనివ్వండి. పిన్నీసు పెట్టి గెలికితే సెన్సర్ పోతుంది.

ఇంత చేశాక కూడా, పరుగు అయిపోగానే యాప్‌లో ‘ఎలివేషన్ కరెక్షన్’ నొక్కుతారు. నొక్కొద్దు! బేరోమీటర్ లెక్క తుడిచేసి మళ్లీ ఆ కొబ్బరిచెట్ల మ్యాప్‌నే తెచ్చి పెడుతుంది.

బేరోమీటర్ లేకపోతే ఎత్తు గడిని స్క్రీన్ నుంచి తీసేయడమే. బ్రిడ్జి ఎక్కి దిగిన రోజు ఎన్నిసార్లు ఎక్కారో నోట్స్‌లో రాసుకోండి.