ఆయిల్ మార్చారు సరే, సెల్ఫ్ కొట్టే ముందు ఒక్క నిమిషం ఆగండి

నిన్న సాయంత్రం మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో, ఈ ఫాల్ సెమిస్టర్‌కి కొత్తగా వచ్చిన కుర్రాడొకడు వీడియో చూసుకుంటూ తన 2012 హోండా సివిక్‌కి ఇంజన్ ఆయిల్ మార్చాడు. క్యాప్ బిగించి, చేతులు తుడుచుకుని, సెల్ఫ్ కొట్టి, అంతటితో ఊరుకోక కొత్త బుల్లెట్ కొన్నవాడిలా రెండుసార్లు రేజ్ చేశాడు. నేను బాల్కనీలోంచి అరిచేలోపే బండి కింద నల్లటి మడుగు.

ఆ మడుగు నాకు తెలుసు. టెక్సస్‌లోని ఈ డెంటన్ వచ్చిన మూడో నెలలో, షాపువాడికి ఇచ్చే డబ్బులతో వారం సరుకులొస్తాయని నా పాత అకార్డ్‌కి నేనూ ఇదే చేశాను. డ్యాష్‌బోర్డ్‌లో ఆయిల్ ప్రెషర్ లేదని చెప్పే ఎర్ర లైట్ వెలుగుతున్నా సెన్సార్ పోయిందేమోలే అనుకుని వీధి చివరిదాకా పోనిచ్చాను. ఇంజన్ పోయింది. ఆ నవంబరంతా చలిలో బస్సు కోసం నిలబడ్డాను.

జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని బండి కిందికి దూరొద్దు, స్టాండ్లు పెట్టాలి లాంటివి మీ వీడియోల్లో ఎలాగూ ఉంటాయి. నా గోలంతా ఒక్క రబ్బరు రింగు గురించి. పాత ఆయిల్ ఫిల్టర్ విప్పితే దాని అంచున ఉండే నల్ల రింగు ఒక్కోసారి దాంతో రాదు, ఇంజన్‌కే అతుక్కుపోతుంది. అదీ నలుపే, ఇంజనూ నలుపే, పైగా మనం ఈ పని పెట్టుకునేది చీకటి పడ్డాక. దాని మీదే కొత్త ఫిల్టర్ బిగిస్తే రెండు రింగులు ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. చేతికి గట్టిగానే ఉంటుంది, చుక్క కూడా కారదు. స్టార్ట్ చేయగానే ఆయిల్ పంపు ప్రెషర్‌కి రింగు జారి, పోసిందంతా నేలపాలు. అందుకే పాత ఫిల్టర్ పారేసే ముందు తిప్పి చూడండి, రింగు దానికే ఉందా? లేకపోతే టార్చ్ వేసి ఇంజన్ మీద వేలితో తడమండి. కొత్త రింగుకి కాస్త ఆయిల్ రాసి, ఆనిన తర్వాత ముప్పావు చుట్టు చేత్తోనే బిగించండి. రెంచ్ వద్దు, వద్దంటే వద్దు. (చాలా టయోటాల్లో ఫిల్టర్ వేరే రకం, డబ్బా లోపల కాగితం ఫిల్టర్ ఉంటుంది, వాటికి ఆ డబ్బా మూత ఓ-రింగ్ మార్చాలి.)

ఇంకోటి, 5 క్వార్ట్‌ల (క్వార్ట్ అంటే లీటరుకి కాస్త తక్కువ) ఆయిల్ డబ్బా కొన్నారని మొత్తం వంచేయకండి బాబూ. ఈ సివిక్‌కి ఫిల్టర్‌తో కలిపి 3.9 చాలు.

ఇప్పుడు సెల్ఫ్. కాలు ఎక్సలేటర్ మీద ఉండకూడదు, చూపు అల్లావుద్దీన్ దీపంలా ఉండే ఆ ఎర్ర లైట్ మీద ఉండాలి. కొత్త ఫిల్టర్ ఖాళీగా ఉంటుంది, అది నిండేదాకా రెండు మూడు సెకన్లు లైట్ వెలగడం మామూలే. 5 సెకన్లు దాటినా ఆరలేదంటే ఆపేయండి, ఇంకాసేపు చూద్దాం అనే బేరం వద్దు. రూమ్మేట్‌ని పక్కన నిలబెట్టి కిందికి టార్చ్ కొట్టమనండి. లైట్ ఆరి, కింద కారకపోతే, ఒక నిమిషం అలా తిరగనిచ్చి, ఆపి, 10 నిమిషాలాగి డిప్‌స్టిక్ (ఆయిల్ ఎంతుందో చూసే పుల్ల) చూడండి. ఆయిల్ రెండు గుర్తుల మధ్య ఉండాలి, బండి చదునుగా ఉన్నచోట.

సరే, మరీ హడలగొట్టేశానేమో. ఆ కుర్రాడి బండికేం కాలేదు, నా అరుపు విని వెంటనే ఆపేశాడు. రింగు పీకి, ఇంకో డబ్బా తెచ్చి పోస్తే 3 సెకన్లకే లైట్ ఆరింది. రెండోసారికి మీకూ గంటలోపు పనే. పాత ఆయిల్ డ్రైనేజీలో పోయకండి, ఆటోజోన్ అనే కారు విడిభాగాల షాపుల్లో చాలాచోట్ల ఊరికే తీసుకుంటారు. ఆ మడుగు మీద మాత్రం పిల్లులకి వాడే లిట్టర్ చల్లి, తెల్లారి లీజింగ్ ఆఫీసు తెరిచేలోపు ఊడ్చాం. పార్కింగ్‌లో రిపేర్లు చేయకూడదని మా లీజులో రాసే ఉంది, మీది కూడా ఓసారి తీసి చదవండి.