తక్కువ ఖర్చులో చిన్న కుక్క కావాలా? ముందు దాని నోరు తెరిచి చూడండి

హైదరాబాద్‌లో దిక్కులేని కుక్కలకు ఇళ్లు చూసిపెట్టే పనిలో ఏళ్లుగా ఉన్నాను. వచ్చే ఫోన్లలో సగం ఒకేలా మొదలవుతాయి: "ఫ్లాట్‌లో ఉంటామండీ, చిన్న కుక్క కావాలి, వేలకు వేలు పెట్టలేం." ఆ కోరికలో తప్పేమీ లేదు, అలాంటి కుక్కలు ఉన్నాయి కూడా. మిగతా సగం, కుక్కను తెచ్చుకున్నాక వచ్చేవి. ఒక్క నిమిషం పళ్లు చూసి ఉంటే వాటిలో చాలా ఫోన్లు రాకపోయేవి. తిండి పెట్టడం, బయట తిప్పడం, స్నానం లాంటివి మీకు తెలుసనుకుని మిగతాది చెబుతాను.

సమస్య: నెలల తరబడి వెతికినా చిన్న కుక్క దొరకడం లేదు

మీరు వెతుకుతున్నది కుక్కపిల్లను. అదే కారణం. దత్తతకు వచ్చే పిల్లల్లో ఎక్కువ భాగం మన వీధి కుక్కల పిల్లలే, పెరిగాక పదిహేను కిలోల దాకా వస్తాయి. వాటంత గట్టి కుక్కలు, తెలివైన కుక్కలు మన వాతావరణానికి ఇంకేవీ ఉండవు, సైజు పట్టింపు లేకపోతే వెంటనే తెచ్చుకోండి. పామేరియన్, షీట్‌జూ, పగ్, డాషండ్, వాటి క్రాస్‌లు మాత్రం దత్తతకు వచ్చేది పెద్దయ్యాకే. యజమాని విదేశాలకు వెళ్తాడు, ఇంట్లో పసిబిడ్డ పుడుతుంది, అద్దె ఇల్లు మారుతుంది, కుక్క రోడ్డున పడుతుంది.

కాబట్టి రెండేళ్లు దాటిన కుక్కను అడగండి. దాని సైజు ఇక మారదు. స్వభావం ఎదురుగా కనిపిస్తుంది. చాలాసార్లు టీకాలు, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ కూడా అయిపోయి ఉంటాయి, అంటే మొదటి ఏడాది పడే పెద్ద ఖర్చు తప్పినట్టే. బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్, విశాఖ ఎస్పీసీఏ లాంటి షెల్టర్లకు స్వయంగా వెళ్లండి. ఫోటోలు చూస్తూ కూర్చుంటే మంచి కుక్కలు ఈలోపే వెళ్లిపోతాయి. ఇంకో దారి ఎవరూ వాడుకోరు: మీ పేటలోని పశువైద్యుడి క్లినిక్‌లో, కుక్కలకు వెంట్రుకలు కత్తిరించే చోట మీ నంబరు ఇచ్చి రండి. కుక్కను వదులుకోవాలనుకునేవాళ్లు షెల్టర్ కన్నా ముందు అడిగేది వీళ్లనే.

సమస్య: షెల్టర్ వాళ్లు కుక్కను ఇవ్వలేమన్నారు

దాదాపు ఎప్పుడూ మూడే కారణాలు. ఇంటి ఓనరు ఒప్పుకోలేదు, బాల్కనీకి గ్రిల్ లేదు, పగలంతా ఇంట్లో ఎవరూ ఉండరు. ఓనరు చేత రెండు లైన్లు రాయించుకుని, బాల్కనీకి నెట్ కట్టించి, మధ్యాహ్నం ఎవరు చూస్తారో ముందే చెప్పండి. ఇచ్చిన కుక్కలే తిరిగొస్తుంటే చూసినవాళ్లు కాబట్టి అంత గట్టిగా అడుగుతారు, కోపం తెచ్చుకోకండి.

సమస్య: "కుక్క ఉచితం, రవాణా ఖర్చు మాత్రం పంపండి"

కుక్క లేదు. పంపకండి. కళ్లతో చూడకుండా రూపాయి కూడా కదలకూడదు.

సమస్య: చిన్నదని తెచ్చుకుంటే పెద్దదైంది, లేదా తెచ్చిన వారంలోపే జబ్బు పడింది

చూడ్డానికి ఇవి రెండు వేర్వేరు సమస్యలు. నేను చూసినంతలో రెండింటికీ మూలం ఒకటే: కుక్క వయసు గురించి చెప్పిన అబద్ధం. దీని దగ్గరే అందరూ దెబ్బ తింటున్నారు, అందుకే వివరంగా చెబుతున్నాను.

తక్కువ ధరకు అమ్మేవాడి లెక్క ఇలా ఉంటుంది. నాలుగో వారం నుంచి పిల్లలు పాలు చాలక తిండి అడుగుతాయి. ఆరో వారం నుంచి టీకాల ఖర్చు మొదలవుతుంది. ఈ రెండూ తన నెత్తిన పడకముందే, ముప్పై, ముప్పై ఐదు రోజులకే తల్లి నుంచి వేరు చేసి "రెండు నెలల పిల్ల, చిన్న సైజు రకం, ఇంతకన్నా పెద్దగా పెరగదు" అంటాడు. అరచేతిలో పట్టే ఆ పిల్లను చూసి మనం టీకప్ అనో టాయ్ అనో పిలిచే బుల్లి రకమని నమ్ముతాం. అది చిన్నగా ఉన్నది జాతి వల్ల కాదు, నెల పిల్ల కావడం వల్ల. 2017లో వచ్చిన కుక్కల పెంపకం, అమ్మకాల నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. అది తెలిసే వయసు పెంచి చెబుతారు.

పళ్లు మాత్రం అబద్ధం చెప్పవు. మూడు నాలుగు వారాల వయసులో ముందువరస పాలపళ్లు, కోరలు పొడుచుకురావడం మొదలవుతుంది. ఎనిమిది వారాలకు దవడ పక్కల పళ్లతో సహా ఇరవై ఎనిమిది పాలపళ్లూ దాదాపుగా వచ్చేస్తాయి. బాగా చిన్న జాతుల్లో కాస్త ఆలస్యమవుతుంది, కానీ వారాల తరబడి కాదు. "అరవై రోజులు" అంటున్న పిల్లకు పక్క పళ్లు లేకపోతే, చిగుళ్లలోంచి ముందు పళ్లు అప్పుడే తొంగిచూస్తుంటే, అది నెల పిల్ల. అక్కడి నుంచి వచ్చేయండి.

దీనికి తిరగేసిన మోసం ఇంకోటి ఉంది: "ఇది పెరిగిన కుక్కే, ఏడాది దాటింది, ఇదే సైజు." నోరు తెరిస్తే సూదుల్లాంటి సన్నని పాలపళ్లు కనిపిస్తాయి. ముందు పళ్లు రాలి పెద్ద పళ్లు రావడం మూడు నుంచి ఐదు నెలల మధ్య మొదలై, ఏడు నెలలకల్లా మొత్తం నలభై రెండు వచ్చేస్తాయి. పాలపళ్లు ఉన్న కుక్క ఇంకా పెరుగుతుంది. నాలుగు నెలలప్పుడు ఉన్న బరువుకు సుమారు రెట్టింపు అవుతుందనుకోండి. మన ఊళ్లలో పామేరియన్ అని పిలిచే కుక్కల్లో ఎక్కువ భాగం ఇండియన్ స్పిట్జ్. అందులో ఆరేడు కిలోల దగ్గర ఆగేవీ ఉన్నాయి, పన్నెండు దాటేవీ ఉన్నాయి. పిల్లప్పుడు రెండూ ఒకేలా తెల్లగా, ముద్దుగా ఉంటాయి. వీలైతే తల్లిని చూపించమనండి. "తల్లి ఊళ్లో ఉంది" అంటే అది సమాధానం కాదు.

ఇక జబ్బు సంగతి. నెలకే వేరు చేసిన పిల్లకు తల్లి పాల నుంచి వచ్చిన రక్షణ తరిగిపోతుంటుంది, టీకా ఇంకా పడి ఉండదు. ఆ సందులో పార్వో అనే ప్రాణాంతక వైరస్ దూరుతుంది. సోకిన మూడు నుంచి ఏడు రోజులకు గానీ లక్షణాలు బయటపడవు. అందుకే తెచ్చిన రోజు గంతులేసిన పిల్ల నాలుగో రోజు వాంతులు చేసుకుంటుంది, తిండి ముట్టదు, దుర్వాసనతో నెత్తుటి విరేచనాలు పెడుతుంది. వైద్యం ఖర్చు మీరు మిగుల్చుకున్నామనుకున్న డబ్బును రెండు రోజుల్లో దాటేస్తుంది, అయినా బతుకుతుందన్న భరోసా లేదు.

పళ్ల తర్వాత టీకా కార్డు చూడండి. మందు సీసా మీది స్టిక్కర్, బ్యాచ్ నంబరు, డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. పుట్టిన తేదీకి, మొదటి టీకా తేదీకి మధ్య ఆరు వారాలైనా లేకపోతే కార్డు మీద ఉన్న రెండు తేదీల్లో ఏదో ఒకటి తప్పై ఉండొచ్చు. "డాక్టరు దగ్గరే ఉంది, తర్వాత పంపిస్తా" అన్న కార్డు రాదు.

ఇప్పటికే తెచ్చేసుకుని ఉంటే, అదే రోజు పశువైద్యుడికి చూపించి వయసు రాయించుకోండి. ప్రైవేటు ఫీజు భారమైతే ప్రభుత్వ పశువైద్యశాల ఉంది, హైదరాబాద్‌లో నారాయణగూడలోది పెద్దది. టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు దాటేదాకా వేయించాలి. ఆఖరి డోసు ఎగ్గొట్టే వాళ్లే ఎక్కువ, నిజానికి గట్టిగా పనిచేసేది అదే. రేబిస్ టీకా మూడు నెలలకు. జులై 6న జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం సందర్భంగా పశుసంవర్ధక శాఖ రేబిస్ టీకా ఉచితంగా వేస్తుంది, ఆ తేదీ గుర్తుంచుకోండి. పన్నెండు వారాలు వచ్చేదాకా రెండు వారాలకోసారి నులిపురుగుల మందు. టీకాలు పూర్తయ్యేదాకా వీధిలో నేల మీద దించకండి. వాంతులు, విరేచనాలు మొదలైతే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి, మన పారాసిటమాల్, బ్రూఫెన్ లాంటివి అసలు వేయకండి. ఇంతకుముందు ఇంట్లో పార్వోతో కుక్క పోయి ఉంటే, వైరస్ నెలల తరబడి అక్కడే ఉంటుంది. నేలను బ్లీచింగ్ నీళ్లతో కడగాలి, అయినా టీకాలు పూర్తికాని పిల్లను తేకండి.

అరుదుగా వచ్చేవి

అపార్ట్‌మెంట్ సంఘం కుక్కలు వద్దంటే, అలా నిషేధించే హక్కు సంఘానికి లేదని జంతు సంక్షేమ బోర్డు 2015 మార్గదర్శకాల్లో ఉంది, కాపీ చూపించండి. ఇంట్లో అలర్జీ అనుమానముంటే షెల్టర్‌లో ఒక గంట కుక్కతో గడిపి చూడండి. పగ్ నడుస్తూనే గురగురమంటుంటే అది జాతి లోపం, ఎండాకాలం ఏసీ లేని ఇంటికి వద్దు. దీపావళి తర్వాత వీధిలో దొరికిన పామేరియన్ టపాసుల మోతకు తప్పిపోయినదై ఉండొచ్చు. దగ్గర్లోని క్లినిక్‌లో మైక్రోచిప్ (యజమానిని కనిపెట్టడానికి చర్మం కింద పెట్టే చిన్న చిప్) ఉందేమో స్కాన్ చేయించి, చుట్టుపక్కల పేటల్లో ఫోటో తిప్పాకే పేరు పెట్టుకోండి.