తైక్వాండోలో స్పిన్నింగ్ కిక్‌కి కౌంటర్ క్లాసులో పడుతుంది, బౌట్‌లో పడదు. ఎందుకు?

విజయవాడలో తెల్లవారుజామున క్లాసు అయిపోయాక పిల్లలూ వాళ్ల నాన్నలూ నన్ను అడిగేది తిప్పితిప్పి ఇదే. స్పిన్నింగ్ కిక్ అంటే గిర్రున తిరిగి వేసే తన్ను; కౌంటర్ అంటే దాన్ని తప్పించుకుని వెంటనే వేసే ఎదురు తన్ను; బౌట్ అంటే పోటీ. బ్యాక్ కిక్‌కీ (తిరిగి తిన్నగా వేసేది) స్పిన్నింగ్ హుక్‌కీ (తిరిగి గుండ్రంగా మడమతో వేసేది) తేడా తెలిసి, స్పారింగ్ (జోడీతో తలపడే సాధన) మొదలుపెట్టి కొన్ని నెలలైన వాళ్లకి రాస్తున్నాను.

సమస్య: కిక్ వస్తోందని కనిపిస్తోంది, కాలు మాత్రం కదలదు

ముందు మడమలు చూడండి. స్పారింగ్ స్టాన్స్‌లో నిలబడ్డాక ఎవరినైనా వెనక మడమ కింద ఒక కాగితం దూర్చమనండి. కాగితం దూరకపోతే మీ బరువు మడమ మీద ఉంది. అక్కడి నుంచి జరగాలంటే ముందు మడమ ఎత్తాలి. ఆలస్యం అక్కడే అవుతోంది. ఈ కాగితం పరీక్ష ఒక్కరూ చేయరు. రియాక్షన్ స్పీడ్ పెరగడానికి ఏం తినాలి సార్ అని మాత్రం అడుగుతారు.

రెండోది చూపు. తన్నే కాలు మీద కళ్లు పెడితే లాభం లేదు, అది అన్నిటికంటే చివర వస్తుంది. ముందు కదిలేది అవతలివాడి ముందు పాదం. దాని మడమ మీ వైపు తిరుగుతుంది. ఆ వెంటనే భుజం, తల. మీ చూపు అతని ఛాతీ మీద ఉంటే ఇవన్నీ అందులోకే వస్తాయి.

సమస్య: క్లాసులో పదికి పది, బౌట్‌లో మడమ తలకి తగులుతోంది

దీనికి నేనూ దెబ్బ తిన్నాను. మా క్లాసులో ఇద్దరు అన్నదమ్ములు ఉండేవాళ్లు. తమ్ముడు స్పిన్నింగ్ హుక్ వేసేవాడు. అన్న వెనక్కి జరిగి, ఆ కాలు నేలకి దిగేలోపు వెనక కాలితో పొట్ట మీద రౌండ్ కిక్ (పక్క నుంచి తిప్పి తన్నేది) వేసేవాడు. చూడముచ్చటగా ఉండేది. నేనూ భేష్ అంటూ చప్పట్లు కొట్టాను. పోటీలో అదే అన్న ఒక గుంటూరు కుర్రాడి మొదటి స్పిన్‌కే దొరికిపోయాడు. గిర్రున తిరిగి తల మీద తంతే 5 పాయింట్లు, మనం పొట్ట మీద వేసే రౌండ్ కిక్‌కి 2. సగం ఆలస్యమైన కౌంటర్‌తో ఈ లెక్క ఎప్పటికీ పూడదు.

ఇంటికొచ్చి ఫోన్‌లో పాత క్లాసు వీడియో ఆపి ఆపి చూశాను. అన్న కదలకముందే తమ్ముడి మడమ అతని ముక్కుకి జానెడు దూరంలో పోతోంది. అంటే అన్న కదలకుండా నిలబడి ఉన్నా తగిలేది కాదు. తమ్ముడికి అన్నని తన్నాలని లేదు, అంతే. దీనికి చెడ్డ ఉద్దేశం అక్కర్లేదు. స్నేహితులైనా, చిన్న బెల్ట్ వాడు పెద్ద బెల్ట్‌ని తన్నేటప్పుడైనా, ఎవరికీ తెలియకుండానే దూరం పెరుగుతుంది. తగలని కిక్ నుంచి తప్పించుకోవడం వందసార్లు నేర్చుకున్నాడు ఆ అన్నగారు.

సరిచేయడం ఇలా. హెడ్‌గార్డ్, మౌత్‌గార్డ్ పెట్టుకుని కౌంటర్ చేసేవాడు కదలకుండా నిలబడాలి. తన్నేవాడు చాలా నెమ్మదిగా, కాలు తన అదుపులో ఉంచుకుని హుక్ తిప్పాలి. మడమ హెడ్‌గార్డ్‌ని ముట్టుకోవాలి. ముట్టుకోకపోతే ముందుకి జరిగి మళ్లీ. ముట్టుకున్నచోట ఇద్దరి ముందు పాదాల దగ్గరా సుద్దముక్కతో గీత. ఇక డ్రిల్ ఆ గీతల మీద నుంచే, వేగం మెల్లగా పెంచుతూ. ప్రతి పది కిక్‌లకీ గీత చూసుకోండి. మర్యాద మళ్లీ వెనక్కి లాగుతుంది, నా మాట నమ్మండి. మొదటి వారం పదికి నాలుగు కూడా పడవు. పడకపోవడమే సరైన లెక్క, కంగారుపడొద్దు.

అది కుదిరాక వరసని చెడగొట్టండి. హుక్, హుక్, మధ్యలో ఒక వట్టి భుజం తిప్పు, తర్వాత ఒక బ్యాక్ కిక్. ఏది వస్తుందో ముందే తెలిస్తే అది డ్రిల్ కాదు, డాన్స్.

సమస్య: లోపలికి దూసుకెళ్తే పొట్టలో తగులుతోంది

వచ్చింది బ్యాక్ కిక్, మీరు హుక్ అనుకున్నారు. హుక్ గుండ్రంగా వస్తుంది కాబట్టి దగ్గరికి చొరబడితే మడమ మీ వెనక నుంచి పోతుంది, పిక్క మాత్రమే ఆనుతుంది. బ్యాక్ కిక్ తిన్నగా వస్తుంది. దానిలోకి వెళ్లడమంటే మడమకి ఎదురెళ్లడమే. దానికి పక్కకి, అతని వీపు వైపు జరగాలి. ఏదో తేలనప్పుడు వెనక్కి జరగడమే మేలు. చొరబడ్డాక భయంతో పట్టుకున్నా, కింద పడినా గామ్ జమ్ (పెనాల్టీ), అవతలివాడికి ఒక పాయింట్.

సమస్య: తప్పించుకున్నాను, నా కిక్ అందలేదు

ఎక్కువ జరిగారు. ఒక్క స్లైడ్ (పాదాలు జార్చి ఒకసారి వెనక్కి జరగడం) చాలు, రెండోది భయం.

మిగతా కారణాలు అరుదు. మే నెలలో బెజవాడ చెమటకి మ్యాట్ జారుతుంది, గుడ్డతో తుడవండి. కళ్లద్దాలు తీసి ఆడే పిల్లలకి పాదం మసకగా కనిపిస్తుంది, కళ్ల డాక్టర్‌కి చూపించండి. కొత్త చెస్ట్ గార్డ్ బిగుతుగా ఉంటే వెనక తాడు ఒక వేలు దూరేంత వదులు చేయండి.